మా రాబర్ట్‌సన్‌పేటలో తినుటకు, కొనుటకు, కూర్చొనుటకు

కోటిలింగేశ్వర దర్శనమునకో, బంగారు తిరుపతి మొక్కుబడికో, లేక చీరల మూటతో అమ్మకమునకో మా కోలారు బంగారు గనుల ప్రాంతమునకు వచ్చు మన కుటుంబములు అనేకము కలవు. వచ్చినవారు మా సంఘ కార్యాలయములో కాళ్ళు కడుగుకొని, మంచినీళ్ళు త్రాగి, అడుగు ప్రశ్నలు మూడే. "యాడ తినాల అన్నా? ఏమి కొనుక్కోని పోవాల? పిల్లోళ్లను చల్లగా కూర్చోబెట్టే తావు ఏదన్నా ఉందా?" నోటితో చెప్పి చెప్పి అలసి, ఇప్పుడు పత్రికలో వ్రాయుచున్నాను. నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. "ఏ వేళకు పోవాల?" అని ఎవ్వరును అడుగరు. మా ఊరిలో అడుగవలసినది ముందుగా అదే.

ఎందుచేతననగా మా ఊరి గడియారము వేరు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వారు ఇక్కడ త్రవ్వకము చేపట్టినది మొదలు ఊరు గని కూతను బట్టియే లేచినది, తిన్నది, పండుకొన్నది. షిఫ్టు మారునప్పుడు సైరను మ్రోగెడిది. 1902లో శివనసముద్రము నుండి కరెంటు వచ్చినది. బెంగళూరు వీధులలో దీపములు వెలుగుటకు మూడు సంవత్సరములు ముందుగా మా గనులలో వెలిగినవి. భూమిలోనికి మూడు కిలోమీటర్లకు పైగా దిగి, నూట ఇరువది సంవత్సరములలో సుమారు 800 టన్నుల బంగారము తీసినారు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన భారత్ గోల్డ్ మైన్స్ మూతపడినది. సైరను ఆగిపోయినది. అప్పటికి నాకు ఇరువది యేండ్లు నిండీ నిండని వయస్సు. గని జీతము మీద నడచిన చీటీలు, అప్పులు, పెండ్లిళ్ళు, పండుగ బట్టలు అన్నియు ఒక్కసారిగా తలక్రిందులైనవి.

ఇప్పుడు మా ఊరి సైరను రైలు. బంగారుపేట నుండి మారికుప్పము వరకు 1894లో గనుల కొరకు వేసిన చిన్న శాఖా మార్గము అది. కోరమాండల్, ఊరగాము, ఛాంపియన్, మారికుప్పము అని స్టేషన్లు. తెల్లవారకముందే వేలాది మంది టిఫిను డబ్బాలతో బెంగళూరు బండి ఎక్కుదురు. దీపములు పెట్టిన తరువాత తిరిగి వత్తురు. పగలు పదిగంటలకు మూట దించి "ఊరు నిద్రపోయినట్టుందే" అను మనవారికి ఈ సంగతి తెలియదు. ఊరు నిద్రపోలేదు, పనికి పోయినది.

ఇక తిండి సంగతి. ఉదయము తినదలచినవారు ఊరగాము స్టేషను దరి బండ్ల వద్దకు చీకటితోనే పోవలెను. ఆవిరి పోవుచున్న ఇడ్డెన, పలుచని చట్నీ, గాజు గ్లాసులో టీ. నిలువబడి తినవలెను. కుర్చీలు ఉండవు, మర్యాదలు ఉండవు, తినువానికి బండి తప్పిపోవునను తొందర. అయినను అంత వేడి ఇడ్డెన ఊరిలో మరెక్కడను దొరకదు. ఏడు దాటిన తరువాత అక్కడికి పోయినచో మిగిలినది చల్లారిన చట్నీయే.

మధ్యాహ్నము నా మనస్సు రాగి సంగటి మీదనే. కోలారు జిల్లాలో పుట్టినవాడు అన్నము రెండు పూటలు తినినను సంగటి ఒక పూట లేనిదే తిన్నట్లు కాదు. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టు వెనుక సందులలో ఇండ్లవంటి పూటకూళ్ళ అంగళ్ళు ఉన్నవి. బోర్డులు లేవు గనుక పేర్లు వ్రాయుట లేదు. బయట చెప్పులు ఎక్కువగా ఉన్న వాకిలి చూచి దూరుడు. సంగటి ముద్ద, ఆకుకూర పప్పు కట్టుతో కాచిన చారు, నంజుకొనుటకు ఉల్లిగడ్డ. మాంసము తినువారికి వేట మాంసపు పులుసు. సంగటిని నమలరాదు, మ్రింగవలెనని క్రొత్తవారికి చెప్పవలసిన పని మనవారిలో లేదు. కోస్తా నుండి వచ్చిన బంధువులకు మాత్రము చెప్పుడు.

బిరియాని కూడ మా ఊరి తిండియే. గనుల కొరకు ఉత్తర ఆర్కాటు నుండి అరవవారు, చిత్తూరు వైపు నుండి మనవారు, కన్నడిగులు, ముసల్మానులు, ఆంగ్లో-ఇండియనులు చేరి ఒకే లైన్లలో కాపురమున్న ఊరు ఇది. ఒకరి పొయ్యి వాసన ఇంకొకరి ఇంటికి పోకుండ ఎట్లుండును? ఆదివారము పగలు ఆండర్సన్‌పేట వీధులలో నడచినచో ఏ ఇంట ఏమి వండినారో ముక్కే చెప్పును. క్రిస్మసుకు ముందు పదిహేను దినములు బేకరీల ముందు కేకుల కొరకు నిలుచు వరుసను తప్పక చూడుడు. ఆ వరుసలో నిలిచినవారే మరునాడు బట్టల అంగడికి వచ్చువారు. ఈ మాట గుర్తుంచుకొనుడు, తరువాత పని ఉన్నది.

సాయంకాలపు చిరుతిండికి బంగారుపేటలో దిగుడు. 1864లో బెంగళూరు–జోలార్‌పేట రైలుమార్గముతో పెరిగిన ఊరది. బౌరింగు దొర పేరున బౌరింగ్‌పేట అని పిలిచెడివారు. అచ్చటి పానీపూరికి ఈ ప్రాంతమంతయు పేరు ఉన్నది. ఇతర ఊళ్ళలో పానీ పచ్చగానో, చింతపండు రంగుగానో ఉండును. బంగారుపేటలో తేటగా, మంచినీళ్ళ వలె ఉండును. రంగు చూచి చప్పగా ఉండుననుకొని నోటిలో వేసికొన్నవాని కన్నులలో నీళ్ళు తిరుగును. మా ఇంటిదాని మాటలో "అది నేతగాని నగ లాంటిది, పైకి కనపడదు." ములబాగిలు దోసె దీనికి వ్యతిరేకము: పైకే అంతయు కనబడును. దళసరిగా, అడుగు ఎర్రగా కాలి, లోపల దూదివలె మెత్తగా ఉండును. కోలారు నుండి తిరుపతి వైపు పోవువారు ములబాగిలులో ఆగుట అలవాటు చేసికొన్నచో దోసెయు, ఆంజనేయస్వామి దర్శనమును రెండును దక్కును.

కొనుగోలు విషయమునకు వత్తును. రాబర్ట్‌సన్‌పేట పాత బ్రిటిషు రెసిడెంటు పేరిట ఏర్పడిన ఊరు. కొలతపెట్టి వేసినందున వీధులు పడుగు పేకల వలె నిలువు అడ్డము సూటిగా ఉండును, క్రొత్తవాడు కూడ తప్పిపోడు. ఆ నేతకు నడుమ బుట్టా వలె ఎం.జి. మార్కెట్టు ఉన్నది. కూరగాయలు, పూలు, మాంసము, పాత్రలు, బట్టలు, ఒకదాని ప్రక్కన ఒకటి. పూల అంగళ్ళవారు నాలుగు భాషలలో బేరమాడుదురు. మీరు తెలుగులో అడిగినచో అరవములో జవాబు వచ్చును, ధర మాత్రము అందరికిని అర్థమగు భాషలో చెప్పుదురు.

బట్టల వీధిలో మనవారు కొంచెము ఆగి చూడవలెను. కొనుటకు కాదు, తెలిసికొనుటకు. ఒక అంగడిలో (పేరు వ్రాయను) "చేమగ్గము చీర" అని వ్రేలాడదీసిన దానిని నేను చేతబట్టి చూచితిని. అంచు పొడవున ఎక్కడను సూదిమొన రంధ్రము లేదు. నేయునప్పుడు బట్ట వెడల్పు తగ్గకుండ కట్టెతో బిగించి పట్టిన జాడ మన చీర రెండంచులలో ఉండునని మన ఇంటి పిల్లకైనను తెలియును. కొనువారికి తెలియదు. 1985 నాటి చట్టము ప్రకారము ఇప్పుడు 11 రకముల వస్త్రములు చేమగ్గములకే ప్రత్యేకింపబడి ఉన్నవి. 2006 నుండి చేనేత గుర్తు, 2004 నుండి పట్టు గుర్తు వాడుకలో ఉన్నవి. ఇవి అన్నియు ఉండియు, అంగడి మెట్టు మీద నిలిచిన తల్లికి ఎవరో ఒకరు బట్ట తిప్పి చూపనిదే ప్రయోజనము లేదు. ఆమెకు చూపువారము మనమే కావలెను గదా.

ఊరు దాటి కోలారు పోయినచో రెండు తావులు నాకు ఇష్టము. మొదటిది టమాటా మండీ. ఇంత పెద్ద టమాటా మండీ మన దేశములో ఒకటి రెండు చోట్లకన్న లేదు. పదునైదు కిలోల పెట్టెలు గుట్టలుగా పేర్చి, వేలము పాడి, లారీలకు ఎక్కించుచుందురు. కొనుట మనకు కాదు, చూచుటకు పోవలెను. 2023 జూలైలో ఒక్క పెట్టె రెండు వేల రూపాయలు దాటినది. ఆ నెల మా అంగడికి వచ్చిన రైతు కుటుంబముల ఆడవారు ధర అడుగుటకు ముందు రంగు అడిగినారు! అంతకుముందును, ఆ తరువాతను, వారే ధర విని కొంగు జార్చి వెళ్ళిన దినములు ఎన్నియో చూచినాము. మండీలో పెట్టె ధర ఎట్లున్నదో తెలిసికొని తరువాత మూట విప్పువాడు తెలివైన నేతగాడు.

రెండవది పట్టుగూళ్ళ వేలము. కోలారు జిల్లా పట్టుకు, పాలకు, బంగారమునకు పేరుపొందినది. బంగారము పోయినను పట్టు, పాలు నిలిచినవి. ఇందులో పెద్ద గూళ్ళ మార్కెట్టు శిడ్లఘట్ట. అది 2007లో చిక్కబళ్ళాపురము జిల్లా వేరుపడినప్పుడు ఆ వైపు పోయినది. ధర్మవరము, మదనపల్లె దరి నీరుగట్టువారిపల్లె నుండి వచ్చు బంధువులారా, మీరు జీవితమంతయు పట్టుతో కాలము గడుపుచు గూడు వేలము చూడకపోవుట న్యాయము కాదు. తెల్లని, పసుపుపచ్చని గూళ్ళు తట్టలలో గలగల మనుచుండగా చేతిలో తీసికొని చెవి దగ్గర ఆడించి చూచు రైతును చూచినచో, మగ్గము మీద పోగు తెగినప్పుడు విసుగుకొనుటకు మనసు రాదు. మా పిల్లలను తీసికొని పోయితిని. పెద్దవాడు "దీనిలో పురుగు ఉందా నాయనా?" అని అడిగి, ఆ దినమంతయు మరి మాటాడలేదు.

కోలారు కంబళి కూడ కొనదగినది. మోటుగా గుచ్చుకొనును, నిజమే. మా ఊరి మార్గశిర చలికి అది చాలును, మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఊరు మాది. తోటి నేతగాని చేతిపని గనుక బేరము ఎక్కువ ఆడరాదని నా మనవి.

ఇక కూర్చొను చోట్లు. ముందుగా ఒక హెచ్చరిక. ఊరి చుట్టును కొండలవలె కనబడు తెల్లని దిబ్బలను చూచి పిల్లలు పరుగెత్తుదురు. సినిమాలలో చూచి పెద్దవారును అక్కడికి తీసికొని పొమ్మందురు. అవి కొండలు కావు. రాతిని పిండి చేసి, సైనైడుతో బంగారము తీసిన తరువాత పారబోసిన పొడి. మూడు కోట్ల టన్నులకు పైగా ఉన్నది. గాలి వీచినచో ఆ పొడి ఇండ్లలోనికి, కంటిలోనికి, నూలు ఆరవేసినచో నూలు మీదికి వచ్చును. 13 దిబ్బల వేలమునకు 2024లో కర్ణాటక మంత్రివర్గము సమ్మతి తెలిపినది. దూరము నుండి చూచుడు, సాయంకాలపు వెలుగులో చూడదగినవే. వాటి మీద కూర్చొని పులిహోర విప్పవద్దు.

పులిహోర విప్పుటకు బేతమంగళము చెరువు కట్ట ఉన్నది. పాలారు నీరు నిలుచు చెరువు. ఇరువదవ శతాబ్దము తొలినాళ్ళలో గనుల పట్టణములకు త్రాగునీరు అక్కడినుండియే వచ్చినది. కట్ట మీద గాలికి తుండుగుడ్డ తలకు చుట్టుకొననిదే నిలువదు. కరవు జిల్లా మాది, చెరువు నిండి ఉన్న సంవత్సరము పండుగే. 2018 నుండి బెంగళూరు వాడిన నీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపు పథకము నడచుచున్నది. దాని మంచిచెడ్డల మీద రైతులలో వాదము ఇంకను తెగలేదు, నేను తీర్పు చెప్పబోను.

కోలారు ఊరి దరి అంతరగంగ మరియొక మంచి తావు. శతశృంగ పర్వతము మెట్లెక్కినచో రాతి బసవని నోటినుండి నీరు పడుచుండును, ఎండకాలములోను. కోతులున్నవి, చేతిలో అరటిపండ్లు దాచికొనుడు. కొండ దిగి కోలారమ్మ గుడి, ఆపై సోమేశ్వరస్వామి గుడి. సోమేశ్వరుని గుడిలో దర్శనమైన తరువాత కల్యాణమండపపు స్తంభముల దగ్గర నేను గంటసేపు కూర్చుందును. భక్తి ఎక్కువై కాదు. విజయనగర కాలపు శిల్పులు ఆ రాతిమీద చెక్కిన తీగలు, హంసలు, గొలుసులు చూడవలెను. ప్రతి అంగుళము ఒక అంచు నమూనా. గ్రాఫు కాగితము తీసికొని పోయి, గడులు లెక్కపెట్టి ఒక తీగను దింపితిని. మా సంఘములో డాబీ మీద చీర అంచుగా వేసినారు. మన డిజైను మాస్టర్లు బెంగళూరు పోయి పుస్తకములు కొనుటకు ముందు బస్సు దిగి ఇక్కడ ఒక పూట కూర్చొనుట మేలు. గుడి రాతికి హక్కుదారు లేడు, రుసుము లేదు.

ఇతర స్థలములు తొందరగా చెప్పి ముగింతును. కమ్మసంద్రములో కోటిలింగేశ్వరము: 1980లో మొదలైనది, 108 అడుగుల లింగము, చుట్టును లెక్కకు మించిన చిన్న లింగములు, పిల్లలకు మిక్కిలి నచ్చును, శివరాత్రినాడు నిలువ చోటుండదు. కురుడుమలెలో సుమారు పదమూడు అడుగుల ఏకశిలా వినాయకుడు. ఆవనిలో రామలింగేశ్వర ఆలయములు, కొండమీద సీతమ్మ గుడి. లవకుశులు పుట్టిన చోటని మా వైపు నమ్మకము. బూదికోట హైదర్ అలీ పుట్టిన ఊరు. శ్రీనివాసపురము మామిడి గురించి వ్రాసినచో పత్రిక చాలదు. వేసవిలో వచ్చువారు సంచి ఖాళీగా తెచ్చుకొనుడు.

ఇప్పుడు ఆ నాలుగవ ప్రశ్న. మా సంఘమునకు రాబర్ట్‌సన్‌పేటలో చిన్న అమ్మకపు అంగడి ఉన్నది. ఉదయము పది నుండి సాయంకాలము అయిదున్నర వరకు, ఆఫీసు వేళల ప్రకారము తెరచుచుంటిమి. చీరలు బీరువాలో, గుమాస్తా కుర్చీలో, ఈగలు గుమ్మములో. అద్దె కూడ రాలేదు. నిల్వలు పెరిగి, నేసినవారికి మజూరీ ఇచ్చుటకు బ్యాంకు వైపు చూడవలసి వచ్చినది. పాలకవర్గ సమావేశములో మూసివేయుడని పెద్దలు అన్నారు. వారి లెక్క తప్పు కాదు, పుస్తకములో ఉన్నది అదే. నలువది మగ్గముల మజూరీ ఆ తీర్మానము మీద వ్రేలాడినది. మూడు నెలలు గడువు ఇమ్మని అడిగితిని.

నాకు సాయంకాలము ఊరగాము ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చొను అలవాటు ఉన్నది. ఈ వ్యాసములో నా అన్నిటికన్న ఇష్టమైన కూర్చొను చోటు అదే, ఖర్చు లేనిది. చింతచెట్ల నుండి చల్లని గాలి, దూరమున గని ఇనుప గోపురము నల్లగా, తరువాత బండి కూత. బండి దిగినవారిలో సగము మంది ఆడపిల్లలు. బట్టల ఫ్యాక్టరీలలో, ఆసుపత్రులలో, ఆఫీసులలో పనిచేసి వచ్చువారు. జీతము తెచ్చువారు వారే. మా అంగడి తెరచియున్న వేళ వారిలో ఒక్కరును ఊరిలో ఉండరు! ఇది తెలియుటకు మెట్రిక్యులేషను కూడ అక్కరలేదు.

అంగడి వేళలు మార్చితిమి. పగలు మూసి, సాయంకాలము అయిదు నుండి రాత్రి తొమ్మిదిన్నర వరకు, ఆదివారము పూర్తి దినము. గుమాస్తా మొదట సణిగినాడు, పగటి వేళ తన పొలము పని చేసికొనవచ్చునని తెలిసి ఊరకున్నాడు. సరుకు కూడ మార్చవలసి వచ్చినది. రైలులో నాలుగు గంటలు నలుగు పిల్లకు పెద్ద జరీ అంచు పనికిరాదు. తేలిక నూలు చీరలు, చుడీదారు బట్ట, దుపట్టాలు అడిగినారు. నెల మొదటి వారములో జీతపువారికి, మండీ బాగున్న వారములలో రైతులకు, డిసెంబరులో క్రిస్మసువారికి, బెమెల్ నగరు కార్మికులకు పండుగ ముందర అని సరుకు విడదీసి తెప్పించుచున్నాము. అంగడిలో ఒక అద్దము, ఒక భూతద్దము పెట్టినాము. అంచులోని రంధ్రములు చూపుటకు భూతద్దము. ఆడపిల్లలు దానితో బట్టకన్న ఒకరి ముఖము ఒకరు ఎక్కువ చూచుకొందురు, పోనిండు. గడువు మూడు నెలలు దాటినది, మూసివేత తీర్మానము మరల రాలేదు. లాభములు కురియుచున్నవని వ్రాయను. అద్దె, కరెంటు పోను మజూరీ బట్వాడా వారము తప్పుట లేదు.

కాబట్టి మూటతో వచ్చు సోదరులు మధ్యాహ్నపు బండికి వచ్చినచో ముందుగా సంగటి తిని, మార్కెట్టు ఒకసారి చుట్టి, బేతమంగళము పోయి వచ్చి, దీపములు పెట్టు వేళకు మూట విప్పుడు. రాత్రి బంగారుపేటకు పోవు ఆఖరు బండి వేళ మారుచుండును. స్టేషనులో అడిగియే అంగడికి రండు. తప్పిపోయినచో మా కార్యాలయపు వరండాలో రెండు చాపలు, పైన చెప్పిన కంబళ్ళు రెండు ఉన్నవి. దోమతెర మాత్రము మీరే తెచ్చుకొనవలెను.